ఇంజను కాళ్ళు

కొత్తచెరువు వైపు నుంచి వచ్చే మొదటి బస్సు దిగి సుబ్బరత్న ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ముదరలేదు. చంకలో పసుపు కుంకుమల బుట్ట ఖాళీగా ఉంది. తమ్ముడు ఓబులేసు పెళ్ళి పిలుపులు పూర్తి చేసుకుని వచ్చింది. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికొడుకు అక్క గడప గడపకూ వెళ్ళి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. ఒట్టి కార్డు పంపితే చుట్టాలు దాన్ని చూరులో దోపి, పెళ్ళయ్యాక ఏడాది పొడుగునా దెప్పుతారు. రాత్రి మేనత్త ఇంట్లో పడుకుని, తెల్లవారకముందే లేచి బస్సెక్కింది. కాళ్ళు పీకుతున్నా మనసు తేలికగానే ఉంది.

ఇంట్లోకి కూడా వెళ్ళకుండా నేరుగా పెరట్లోని పురుగుల కొట్టంలోకి నడిచింది. తట్టల్లో పట్టుపురుగులు అప్పుడప్పుడే తలలు దించి కదులుతున్నాయి. జ్వరం లేచాయి. పురుగులు పెంచేవాళ్ళ భాషలో జ్వరమంటే రోగం కాదు. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, ఒక పగలూ రాత్రీ కదలకుండా నిద్రపోతుంది. పాత చర్మం విడిచి లేస్తుంది. అలా నాలుగుసార్లు. ఇప్పుడు లేచింది నాలుగోది. నాలుగో జ్వరం లేచాక దాని ఆకలికి అంతుండదు, గూడు కట్టే దాకా తెంపు లేకుండా తింటుంది. అప్పుడు ఆకు వాడితే పంట పోయినట్టే. అందుకే అవి నిద్రపోయే రోజు చూసుకుని ఆమె పిలుపులకు బయల్దేరింది. నిజానికి ఆ రోజు చూసి పంపింది తల్లి ఆంజినమ్మే.

“అమ్మా, లేచినాయి చూడు!” అంది సుబ్బరత్న సంబరంగా.

ఆంజినమ్మ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడింది. కూతురి ముఖం వైపు కాకుండా తట్టల వైపు చూస్తూ, “టీ తాగు మొదలు. మీ మేనత్త బాగుండాదా?” అని అడిగింది.

“బాగుండాది. పెండ్లికి ముందే వస్తాదంట. తోటకు నీళ్ళు కట్టొస్తా. నిన్న తడి లేదు కదా, ఆకు వాడిపోతాది.”

“కాసేపు కూచోని పోరాదా? అంత తొందరేముండాది?”

“తొందరేముండాదో నీకు తెలీదా!” అని నవ్వి, టీ రెండు గుక్కల్లో తాగి, తలుపు వెనక వేలాడే ఇనుప హ్యాండిలు తీసి భుజాన వేసుకుంది సుబ్బరత్న.

ఇంజనును తిప్పి లేపే ఆ హ్యాండిలు ఒకప్పుడు కారుది. సుబ్బరత్న తండ్రి శ్రీరంగప్పకు మారిస్ కారొకటి ఉండేది. కదిరికీ గోరంట్లకూ మధ్య మనుషులను ఎక్కించుకుని తిప్పేవాడు. పొలం మీదకన్నా దాని మీదే ఆయనకు ప్రాణం. డెబ్భై ఎనిమిదిలో సుబ్బరత్న పెనుకొండ నుంచి ట్రంకు పెట్టెతో తిరిగొచ్చింది. మొగుడు ఇంట్లోకి ఇంకొకామెను తెచ్చుకున్నాడు. ఆమెకు వంట చేసి పెట్టడం తన వల్ల కాలేదు. పుట్టింట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు గాని, పళ్ళెం ముందు కూర్చున్న ప్రతిసారీ సుబ్బరత్నకు ముద్ద దిగేది కాదు. పాత బావి పక్కన ఎకరం ఇస్తే మల్బరీ వేసి పురుగులు పెంచుకుంటానని తండ్రిని అడిగింది. ఎకరం ఉంది, బావి ఉంది, అడుగున నీళ్ళూ ఉన్నాయి. వాటిని పైకి తెచ్చే దారే లేదు. కరెంటు స్తంభాలు ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోయాయి. ఎద్దులను కరువులో అమ్మేశారు.

ఒకనాడు శ్రీరంగప్ప ఎవరితోనూ చెప్పకుండా కారు ముందు రేకు ఎత్తి, ఇంజను ఊడదీశాడు. కదిరి మెకానిక్కు కుళ్ళాయప్ప చేత దానికి ఇనుప కాళ్ళు అతికించి బావి గట్టున బండ మీద నిలబెట్టాడు. పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలుతో నడిచేలా చేశాడు. నీళ్ళు పడిన రోజున ఊరంతా చూడ్డానికి వచ్చింది. అందరి ముందూ ఆయన ఒక మాట అన్నాడు.

“కారు నా సోకు. ఇది నా బిడ్డ బతుకు. ఇంక దీని మీద చెయ్యేసేవాడు ఎవుడైనా సుబ్బరత్నను అడిగే ఎయ్యాల. నేనైనా సరే.”

సుబ్బరత్న తలెత్తుకుంది ఆ మాట మీదే. ఆ తర్వాత ఎన్ని పంటలు తీసినా, ఎంత పట్టుగూడు అమ్మినా, ఆమెకు ఆ మాటే ఆస్తి. ఇంజను పోయిన కారు మాత్రం పెరట్లో డొల్లగా మిగిలింది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి. ఊళ్ళో వాళ్ళు దాన్ని కోళ్ళ కారు అనేవాళ్ళు. శ్రీరంగప్ప కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నవ్వేవాడు గాని, శనివారం వస్తే తడిబట్టతో ఆ డొల్లను తుడిచేవాడు.

పెళ్ళి కుదిరాక ఓబులేసు ఆ డొల్లను బాడుగ ఎడ్లబండికి కట్టి కదిరి తోలించాడు. రంగు వేయించి పందిరి ముందు నిలబెడితే ఆడపెళ్ళివారి ముందు గౌరవంగా ఉంటుందన్నాడు. “ఇంజను లేని కారుకు రంగేందిరా, బొమ్మకు చీర కట్టినట్ల!” అని సుబ్బరత్న ఆటపట్టించింది. రంగుకు గీత పడకుండా కప్పమని పాత చీరలతో తాను కుట్టిన బొంత కూడా ఇచ్చింది.

అవన్నీ తలచుకుంటూ నవ్వుకుంటూనే ఆమె తోట గట్టెక్కింది.

బండ మీద ఇంజను లేదు.

ఎండకు దాని మీద కప్పే బోదగడ్డి కప్పు తీసి పక్కన పెట్టి ఉంది. బండ మీద నూనె మరక నల్లగా మెరుస్తోంది. పంపు అలాగే ఉంది. దాని మీద బెల్టు చక్కగా చుట్టలు చుట్టి పెట్టి ఉంది. సుబ్బరత్న హ్యాండిలు పట్టుకునే కాసేపు నిలబడిపోయింది. తర్వాత గొంతు చించుకుని అరిచింది.

“దొంగలు పడినారు! ఇంజను ఎత్తకపోయినారు! ఎవురైనా రాండప్పా!”

ఊరి వైపు పరుగెత్తింది. దారిలో చెప్పు తెగితే విడిచేసి పరుగెత్తింది. తండ్రికి చెప్పాలి, పోలీసులకు చెప్పాలి, బండి జాడలు చెరిగిపోకముందే చూడాలి. అప్పటికే ఆంజినమ్మ ఎదురు వచ్చి దారి మధ్యలో రెండు చేతులూ చాపింది.

“అరవాకే! ఊరంతా వింటాది. దొంగలు కాదే.”

“ఇంజను లేదమ్మా! పొయ్యి చూడు, బండ ఒట్టిగా ఉండాది!”

“తెలుసు.” ఆంజినమ్మ తల దించుకుంది. “మీ నాయనా తమ్ముడూ తీస్కపోయినారు. నిన్న, నువ్వు బస్సెక్కినాక. కారుకు బిగించి పెండ్లికి తీస్కపోవల్లంట. పెండ్లి కాగానే మల్ల తెచ్చి పెడతారంట.”

సుబ్బరత్నకు మొదట అర్థం కాలేదు. తర్వాత బెల్టు గుర్తొచ్చింది. దొంగలు బెల్టు చుట్టలు చుట్టి పెట్టరు. ఒక కొన లోపలికి దోపి అలా చుట్టేది ఈ లోకంలో ఒక్కడే, ఆమె తండ్రి.

“నీకు ముందే తెలుసా?”

ఆంజినమ్మ చూపు తోట వైపు తిప్పుకుంది.

“పురుగులు నిద్రపోతాయి, పిలుపులకు ఆ దినమే పో అని చెప్పినావే. అందుకేనా?”

“నన్నేం చేయమంటావే? మొగోళ్ళిద్దరూ ఒకటైనారు. చెప్తే నువ్వు ఒప్పుకోవని...”

“ఒప్పుకోనని మీకు ఎవురు చెప్పినారు? ఒక్కరు, ఒక్కరన్నా అడిగినారా?”

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలినట్టుంది. చెప్పలేక చెప్పలేక చివరికి, “ఆ హ్యాండిలు మరిచిపోయి పోయినారు. నువ్వొస్తే అడిగి పంపమన్నాడు మీ నాయన” అంది.

సుబ్బరత్న భుజం మీది హ్యాండిలు వైపు చూసుకుంది. తమ్ముడి పెళ్ళికి తాను గడప గడపకూ బొట్టు పెడుతున్న వేళకు, ఇక్కడ తన బతుకును మరలు విప్పి బండికెక్కించారు. ఇంకా మిగిలిన ఒక్క ముక్కనూ తననే అడుగుతున్నారు. ఆ అడగడం కూడా తల్లి నోటితో. అయినా కన్నీళ్ళు రాలేదు.

“నువ్వు పొయ్యి పురుగులకు ఉన్న ఆకు ఎయ్యి. హ్యాండిలు నేనే ఇచ్చొస్తా” అని ఆమె రోడ్డు వైపు తిరిగింది.

కదిరి బస్టాండు వెనక కుళ్ళాయప్ప షెడ్డు. ముందు జాగాలో మూడు దుంగలు నిలబెట్టి, వాటి నడినెత్తిన గొలుసు కప్పీ కట్టారు. గొలుసుకు ఇంజను వేలాడుతోంది. దాని కింద కారు. సుబ్బరత్న మొదట దాన్ని గుర్తుపట్టలేదు. నెమలి కంఠం రంగులో ధగధగమంటోంది. ధర్మవరం వియ్యాలవారి కోసం ఓబులేసు ఏరిన రంగు అది. ముందు రేకు తీసి గోడకు ఆనించారు. రెండు చక్రాల మీది రేకులకూ గీత పడకుండా బొంత కప్పారు. తన బొంత.

ఇంజను పక్కన శ్రీరంగప్ప నిలబడ్డాడు. పాత ఖాకీ చొక్కా వేసుకున్నాడు, డ్రైవరుగా తిరిగిన రోజులది. ఊగే ఇంజనును రెండు చేతులతో పట్టి, “మెల్లగా కుళ్ళాయప్పా, ఇటు రానీ, రంగుకు తగలనీకు” అంటూ ఉన్నాడు. ముఖంలో వెలుగు. తండ్రిని అంత సంతోషంగా చూసి సుబ్బరత్నకు ఏళ్ళయింది. ఆ సంతోషమే ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది.

“నాయనా” అని పిలిచింది.

శ్రీరంగప్ప చేతులు ఇంజను మీదే ఉండిపోయాయి. ముఖం మాత్రం తిరిగింది. టైరు మీద కూర్చుని టీ తాగుతున్న ఓబులేసు లేచి నిలబడ్డాడు.

“వచ్చినావామ్మా? నేనే సాయంత్రం వచ్చి చెప్పల్ల అనుకొంటాండా...” అన్నాడు తండ్రి.

“తీసేదానికి ముందు చెప్పేది యట్లుంటాదో తెలీదా నాయనా నీకు? దొంగలు పడినారని ఊరంతా అరిచినా. నా నాయనే అని తెలీక.”

కుళ్ళాయప్ప గొలుసును కొక్కేనికి తగిలించి, చేతులు తుడుచుకుంటూ పక్కకు జరిగాడు. ఇంటి గొడవలో మూడో మనిషికి ఎక్కడ నిలబడాలో తెలియదు.

“అడిగితే నువ్వు వద్దంటావని కాదమ్మా” అన్నాడు శ్రీరంగప్ప. “సరే అంటావు. అని లోపల్లోపల ఏడుస్తావు. అది చూడలేక అడగలేదు.”

“అడక్కుండా తీస్కపోతే ఏడ్వననుకొన్నావా?”

ఆయన ఇంజను మీంచి చేతులు తీశాడు. “ముసలోన్ని అయినా. ఒక్కసారి, కొడుకు పెండ్లికి, ఆ స్టీరింగు పట్టుకొని ఊళ్ళోకి రావల్లని ఆశ పుట్టింది. కోళ్ళ కారు, కోళ్ళ కారు అని ఎన్నేండ్లు నవ్వినారు! పెండ్లి అయిపోతానే మల్ల నీ బావి మీద నిలబెడతా. నా మాట నమ్ము.”

“నమ్ముతా” అంది సుబ్బరత్న. చెయ్యి చాపి నేల వైపు చూపించింది. “ఏ కాళ్ళ మీద నిలబెడతావు నాయనా?”

శ్రీరంగప్ప చూశాడు. దుంగల పక్కన ఇసుకలో నాలుగు ఇనుప కాళ్ళు పడి ఉన్నాయి. కోసిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. పొద్దున ఆయన కారు పూజకు నిమ్మకాయలు తేవడానికి బజారుకు వెళ్ళినప్పుడు కోసినవి అవి. వచ్చాక ఆయన చూపంతా రంగు మీదా ఇంజను మీదా ఉంది. కింద చూడలేదు.

“ఇవి ఎవురు కోసినారు?”

“నేనే కోసినా అన్నా” అన్నాడు కుళ్ళాయప్ప నసుగుతూ. “అతికించినవి కదా, మరలు ఇప్పితే వచ్చేవి కాదు. ఆ కాళ్ళతో కారులోకి దిగదు. నువ్వొచ్చేదాకా ఆగుదామంటే ఓబులేసు, నాయనకు తెలుసులే కొయ్యి అన్నాడు.”

“నాకేం తెలుసు?” శ్రీరంగప్ప కొడుకు వైపు తిరిగాడు. “ఏమిరా? నాకేం తెలుసు?”

ఓబులేసు టీ గ్లాసు కింద పెట్టాడు. దాచడం వల్ల కాదని తెలిసినట్టుంది, ఒక్కసారిగా అనేశాడు.

“పెండ్లికొక్క దినానికి ఇంత రంగు ఎవురన్నా ఏపిస్తారా నాయనా? ట్యాక్సీ తిప్పుకొంటా. సొంత కారు ఉండాది, కదిరి స్టాండులో ట్యాక్సీ నడుపుతాడని చెప్తేనే వాళ్ళు పిల్లనిస్తాండారు. లారీ క్లీనరుకు ఎవురిస్తారు? అక్కకు తోట ఇచ్చినావు, ఇంజను ఇచ్చినావు. నాకేమిచ్చినావు? నాకూ బతుకుండాది కదా!”

“మల్ల పెండ్లికే అని నాతో ఎందుకు చెప్పినావురా?”

“అట్ల చెప్పకపోతే నువ్వొప్పుకొంటావా?”

బయట బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు. శ్రీరంగప్ప ముఖంలో వెలుగంతా పోయింది. అడగకుండా తీసుకుంటే ఎలా ఉంటుందో, చెప్పకుండా కోస్తే ఎలా ఉంటుందో ఆయనకు తెలిసొచ్చింది. తాను కూతురికి పెట్టిన అన్నమే కొడుకు తనకూ వడ్డించాడు. అయినా సుబ్బరత్నకు జాలి కలగలేదు. ఆ క్షణాన ఆమెకు ఇద్దరూ ఒక్కటే.

“బొంత బాగా కప్పినావు నాయనా” అంది నెమ్మదిగా. “రేకుకు గీత పడకుండా. నాకు మాత్రం ఏమీ కప్పలేదు.”

భుజాన ఉన్న హ్యాండిలు తీసి ఇసుకలో, కోసిన కాళ్ళ పక్కన పడేసింది.

“ఇదీ తీస్కోండి. ఇంక ఇది నా దగ్గర ఎందుకు?”

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. శ్రీరంగప్ప రెండడుగులు వెంట వేసి ఆగిపోయాడు.

“ఏం చేద్దామన్నా?” అన్నాడు కుళ్ళాయప్ప కాసేపటికి. “ఇంజను ఎంతసేపని గొలుసుకు ఏలాడదీస్తాం?”

“దించు.”

“బండి మీదికా?”

“కాళ్ళు లేకుండా బండ మీద నిలబడదు కదా. కారులోకే దించు.”

ఓబులేసు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. శ్రీరంగప్ప వాడి వైపు చూడలేదు. కుళ్ళాయప్ప గొలుసు వదులుతుంటే, గేరు పెట్టె వైపు కొన కిందికి వాల్చి, ఇంజనును మెల్లగా లోపలికి నడిపించాడు. ఒకసారి అది ఊగి రేకు వైపు వచ్చింది. ఆయన తన ముంజేతిని అడ్డం పెట్టాడు. చేతికి తోలు లేచింది గాని రంగుకు ఏమీ కాలేదు. ఆ నెత్తురు చూసి తనకే సిగ్గు వేసిందాయనకు. కింద కూర్చుని మరలు బిగించాడు. నీళ్ళ గొట్టాలు, వైర్లు, అన్నీ తగిలించాడు. ఏ మర ఏ రంధ్రానిదో ఆయన చేతులు మరచిపోలేదు. పని అయ్యేసరికి పొద్దు వాలింది. బొంత తీసి దులిపి, మడత పెట్టి, ముందు సీట్లో పెట్టాడు. హ్యాండిలు తీసుకుని ఒక్క ఊపు తిప్పాడు. ఇంజను అందుకుంది.

కుళ్ళాయప్ప నిమ్మకాయలు చక్రాల కింద పెట్టబోయాడు. “ఇప్పుడు కాదు” అన్నాడు శ్రీరంగప్ప. “ఆ నాలుగు కాళ్ళూ ఎనక సీట్లో ఎయ్యి. రేయ్, ఎక్కు.”

“యాడికి నాయనా? రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, దుమ్ము పడుతాది.”

“ఎక్కుతావా, ఎక్కవా?”

ఓబులేసు ఎక్కాడు.

ఆ సరికి తోటలో సుబ్బరత్న బావి గిలకకు తాడు వేసి కడవలతో నీళ్ళు చేదుతోంది. ఆంజినమ్మ ఒక్కొక్క కడవా మోసుకెళ్ళి మల్బరీ మొదళ్ళలో పోస్తోంది. నేల అంతా నెర్రెలు. కడవ నీళ్ళు పోయగానే ఇంకిపోయి, పోసినట్టే కనపడటం లేదు. ఇంటి దగ్గర పురుగులు పొద్దున వేసిన ఆకు ఎప్పుడో తినేశాయి. ఎకరం తోటను కడవలతో తడపలేమని ఇద్దరికీ తెలుసు. అయినా ఏదో ఒకటి చేయకుండా కూర్చోవడం వాళ్ళకు చేతకాదు.

“నా మీద కోపం పోలేదా?” అని అడిగింది ఆంజినమ్మ కడవ అందుకుంటూ.

“నాయన మీద కోపముండాది. తమ్ముని మీద కోపముండాది. నీ మీద కోపం కాదమ్మా.” తాడు లాగుతూనే చెప్పింది సుబ్బరత్న. “పెనుకొండలో నా మొగుడు మోసం చేస్తే పుట్టిల్లుండాది కదా అని వచ్చినా. ఇప్పుడు యాడికి పోవల్లో తెలీలేదు. అంతే.”

ఆంజినమ్మ కడవ కింద పెట్టి గట్టు మీద కూలబడి ఏడ్చింది.

అప్పుడు వినిపించింది చప్పుడు. దూరంగా, బాట మలుపు అవతల. మూడు దెబ్బలు సమంగా కొట్టి, నాలుగోది కొంచెం దగ్గినట్టు కొట్టే చప్పుడు. ఆ దగ్గును సుబ్బరత్న ఆరేళ్ళుగా రోజూ వింటోంది. తాడు చేతిలోంచి జారి కడవ బావిలో పడింది.

నెమలి కంఠం రంగు కారు రోడ్డు దిగి తోట బాట పట్టింది. ఆ బాటలో ఎడ్లబండి పట్టడమే కష్టం. రెండు వైపులా కంపచెట్లు. ముళ్ళకొమ్మలు కొత్త రంగు మీద కర్రుమని గీసుకుంటున్నాయి. “నాయనా, రంగు! రంగు పోతాంది నాయనా!” అని లోపల ఓబులేసు అరుపులు. శ్రీరంగప్ప వేగం తగ్గించలేదు. గట్టెక్కించి, మలిపి, కారు వెనక భాగం పంపు వైపు వచ్చేలా నిలిపి, ఇంజను ఆపి దిగాడు. జాకీ పెట్టి వెనక చక్రం ఒకదాన్ని పైకి లేపాడు.

“రాళ్ళు తేరా. రెండో చక్రం కదలకుండా ముందూ ఎనకా పెట్టు.”

ఓబులేసు ముఖం మాడ్చుకునే రాళ్ళు మోశాడు. శ్రీరంగప్ప లేచిన చక్రానికి టైరు పీకేసి, ఒట్టి ఇనుప రిమ్ము మీద బెల్టు వేశాడు. రెండో కొన పంపుకు తగిలించి, బిగువు చూశాడు. ఎప్పుడో పాత రోజుల్లో ఎవరి పొలంలోనో చూసిన ఉపాయం అది. ఇంజను కారులోనే ఉంటుంది, బావికి పని చేస్తుంది. ఆ తర్వాత హ్యాండిలు తీసుకుని కూతురి ముందుకు వచ్చాడు.

“తిప్పమ్మా.”

సుబ్బరత్న చేతులు కట్టుకుని నిలబడింది. “కారు మీది, ఇంజను మీది. మీరే తిప్పుకోండి.”

“కాదు. ఆ పొద్దు అందరి ముందర ఒక మాట అంటి. ఆ మాట నేనే కోసినా. కాళ్ళు వాడు కోసినాడు, మాట నేను కోసినా. కాళ్ళు కుళ్ళాయప్ప మల్ల అతికిస్తాడు. మాట అతికేది నా చేతిలో లేదు.” ఆయన కళ్ళు నిండాయి. “పురుగులేం చేసినాయమ్మా? ఆకలితో ఉంటాయి. తిప్పు.”

ఆయన ముంజేతి మీద ఎండిన నెత్తురు కనిపించింది ఆమెకు. హ్యాండిలు అందుకుంది. కారు ముందుకు వెళ్ళి, రంధ్రంలో పెట్టి, అలవాటైన ఊపుతో తిప్పింది. ఇంజను లేచింది. శ్రీరంగప్ప స్టీరింగు ముందు కూర్చుని గేరు వేశాడు. రిమ్ము తిరిగింది, బెల్టు పరుగెత్తింది, పంపు రెండుసార్లు గుటకలు వేసి నీళ్ళు కక్కింది. బెల్టు నుంచి లేచిన బురద చినుకులు నెమలి కంఠం మీద పడ్డాయి.

ఓబులేసు తువ్వాలు తీసి తుడవబోయాడు. తుడిచిన చోటే మళ్ళీ పడుతోంది. రెండుసార్లు తుడిచి ఊరుకున్నాడు.

“రేయ్” అంది సుబ్బరత్న. “ఈ ఉపాయం ఇప్పుడు నాయనకు తట్టింది. నీకు ట్యాక్సీ కావాలని నాతో ఒక్క మాట చెప్పింటే, అందరం కూచోని ఎప్పుడో ఆలోచించుకొనేవాళ్ళం. పొద్దున్నే నేను నీళ్ళు కట్టుకొంటా. ఎండెక్కినాక నువ్వు స్టాండుకు తీస్కపో. ఇంత చిన్న మాటకు నన్ను బయటిదాన్ని చేసినావు కదరా.”

ఓబులేసు తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. ధర్మవరం దాకా చెప్పుకొచ్చిన అబద్ధం ఈ ఒక్క మాటతో అక్కర లేనిదైపోయింది. “తప్పయిందక్కా” అన్నాడు. అనగానే పక్కకు తిరిగి, మడవ తెరవడానికి పార ఎత్తుకుని కాలువ వెంట వెళ్ళాడు.

ఇంజను నడుస్తూనే ఉంది. శ్రీరంగప్ప దిగి, ముందు సీట్లోంచి మడత పెట్టిన బొంత తెచ్చి కూతురి భుజాల చుట్టూ కప్పాడు. సందెగాలికి ఆమె తడిసిన చీరతో వణుకుతోందని ఆయన అప్పుడే చూశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, పరాయి రైతు ఎవరో అరువు అడగడానికి వచ్చినట్టు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సుబ్బరత్నా. బేస్తవారం నా కొడుకు పెండ్లి. ఒక్క దినం నీ ఇంజను కావాల. ఇస్తావామ్మా?”

పొద్దున బండ ఒట్టిగా కనపడినప్పుడు రాని కన్నీళ్ళు, షెడ్డులో రాని కన్నీళ్ళు, ఆ ప్రశ్నకు వచ్చాయి. సుబ్బరత్న బొంతలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆంజినమ్మ దగ్గరికి రాబోతే శ్రీరంగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. జవాబు వచ్చే దాకా ఆయన కదలదలచుకోలేదు. ఆమె ఇవ్వనన్నా విని వెళ్ళడానికే నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె తలెత్తింది.

“ఇస్తా నాయనా” అంది. “తోట తడిపినాక తీస్కపో. ఈ మాట ఒక్కటి నిన్న అడిగింటే సరిపోయేది.”

“సరిపోయేది” అన్నాడు శ్రీరంగప్ప.

అప్పుడు గాని ఆయన కట్టుకున్న చేతులు విప్పలేదు.